బాణం గుర్తు బండి

ఏళ్ల తరబడి సరిహద్దుల్లో తిరిగింది. మంచులో ఎక్కింది, ఇసుకలో ఈదింది. ఇప్పుడు వేలంపాటలో నిలబడి కొత్త యజమాని కోసం చూస్తోంది. సైన్యం వదిలేసిన జీపు, జోంగా, జిప్సీ... వీటిలో ఏదో ఒకటి ఇంటిముందు నిలబెట్టుకోవాలని కలలు కనేవాళ్లు మన దగ్గరా తక్కువేం లేరు. బండి దొరకడం పెద్ద కష్టం కాదు. దాన్ని రోడ్డెక్కించడంలోనే ఉంది అసలు కథ!

జీపంటే మనకు మొదటినుంచీ అదో రకం గౌరవం. ఊళ్లోకి జీపొచ్చిందంటే ఎవరో అధికారి వచ్చినట్టే. ఒకప్పుడు బీడీవో దిగినా, ఎస్సై దిగినా, ఓట్లడగడానికి నాయకుడు దిగినా అందులోంచే. దుమ్ము లేపుకుంటూ పోతుంటే వెనకాల పిల్లలు పరుగు. కార్లు ఎన్ని రకాలొచ్చినా ఆ ముచ్చట మాత్రం చాలామందిని వదల్లేదు. పైగా అది మామూలు జీపు కాకుండా మిలటరీలో పనిచేసి వచ్చిందైతే... ఇక చెప్పేదేముంది!

ఇలాంటి బళ్లను మనవాళ్లు 'మిలటరీ డిస్పోజల్' అంటారు. ఆ మాట నిన్నమొన్నటిది కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మనదేశంలో కుప్పలుతెప్పలుగా సైనిక సామగ్రి మిగిలిపోయింది. దాన్ని అమ్మడానికి ప్రభుత్వం పెట్టిన విభాగం పేరులోనే 'డిస్పోజల్స్' ఉంది. అలా బయటికొచ్చిన వాటిలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపులూ ఉన్నాయి. 1941 నుంచి 1945 వరకూ విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి వీటిని. అరవై గుర్రాల బలమున్న చిన్న ఇంజిను, తలుపుల్లేని ఒళ్లు, మడిచి పెట్టుకునే అద్దం. అంతే! ఆ నమూనానే మహీంద్రా సంస్థ 1947 నుంచి మనదేశంలో బిగించడం మొదలుపెట్టింది. మన పోలీసు జీపులూ, పంచాయతీ సమితి జీపులూ ఆ వంశంలోవే.

పాత మిలటరీ బండి కొని దెబ్బతిన్న మొదటి కొనుగోలుదారు ఎవరో తెలుసా? సాక్షాత్తూ భారత ప్రభుత్వమే! 1948లో కశ్మీర్‌లో యుద్ధం నడుస్తోంది. సైన్యానికి జీపులు కావాలి. అప్పుడు లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె.కృష్ణమీనన్ బాగుచేసిన పాత జీపుల కోసం ఓ విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. మనదేశానికి చేరినవి 155. అవీ వాడటానికి పనికొచ్చే స్థితిలో లేవు. స్వతంత్ర భారతదేశంలో తొలి కుంభకోణంగా పేరుపడింది ఈ వ్యవహారమే. 1955లో ప్రభుత్వం కేసు మూసేసింది. దేశానికే అలా జరిగినప్పుడు మామూలు మనిషి ఎంత జాగ్రత్తపడాలి మరి!

జోంగా నుంచి జిప్సీ దాకా

వేలంలో దొరికే బళ్లలో అన్నిటికంటే మోజున్నది జోంగాకి. పేరు వింటే ఏదో ఆఫ్రికా మాటలా ఉంటుందిగానీ, 'జబల్‌పుర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ' అన్నదానికి పొట్టి పేరది. జపాన్ నిస్సాన్ కంపెనీ పాట్రోల్ నమూనాను 1969 నుంచి జబల్‌పుర్‌లోని వెహికల్ ఫ్యాక్టరీలో మన సైన్యం కోసం తయారుచేశారు. దాదాపు నాలుగు లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిను. దాని మోత విన్నవాళ్లు మర్చిపోలేరు, దాని దాహం భరించినవాళ్లు అసలే మర్చిపోరు. 2019లో క్రికెటర్ ధోనీ ఒక జోంగా కొనుక్కుని రాంచీ వీధుల్లో తిరిగాక, అప్పటిదాకా దాని పేరే వినని కుర్రాళ్లు కూడా ఆరా తీయడం మొదలెట్టారు.

జోంగా బరువు తగ్గించి, తిండి తగ్గిస్తే? ఆ ప్రశ్నకు జవాబే మారుతీ జిప్సీ. 1985 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చింది. మొదట్లో 970 సీసీ ఇంజిను, 45 గుర్రాల బలం, నాలుగు గేర్లు. 1996లో 1.3 లీటర్ల ఇంజినుతో 'జిప్సీ కింగ్' వచ్చింది. 2000లో ఎంపీఎఫ్ఐ పెట్టాక బలం 80 గుర్రాలకు పెరిగింది. మామూలు జనం పెద్దగా కొనలేదు. సైన్యానికి మాత్రం తెగ నచ్చింది. బరువు ఒక టన్ను అటూఇటూ. బురదలో దిగబడితే నలుగురు జవాన్లు కలిసి తోసుకోవచ్చు. చలికి డీజిలు గడ్డకట్టే చోట పెట్రోలు ఇంజిను ఠకీమని స్టార్టవుతుంది. అలా 1990ల నుంచి వేల సంఖ్యలో జిప్సీలు సైన్యంలో చేరాయి. మామూలు కొనుగోలుదారులకు 2019లో అమ్మకం ఆగిపోయినా సైన్యం ఆ తర్వాత కూడా కొంది.

ఇప్పుడా జిప్సీల వయసైపోతోంది. వాటి స్థానంలోకి 2017లో 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకు ఆర్డరిచ్చారు. 2025లో ఫోర్స్ గూర్ఖాలకూ పెద్ద ఆర్డరే వెళ్లింది. కొత్తవి వస్తుంటే పాతవి పోవాల్సిందే కదా. అందుకే ఇప్పుడు 'మిలటరీ బండి' అంటే పదింట తొమ్మిదిసార్లు జిప్సీయే అనుకోవచ్చు.

బాణం ఏం చెబుతుంది?

సైనిక వాహనాలకు మన బళ్లలాగా జిల్లా ఆర్టీఏ నంబరుండదు. రక్షణశాఖ తానే ఇచ్చుకుంటుంది. ప్లేటు మీద మొదట పైకి చూసే బాణం గుర్తు, తర్వాత రెండంకెలు, ఒక అక్షరం, మళ్లీ అంకెలు, చివర ఇంకో అక్షరం. బాణం పక్కనున్న ఆ రెండంకెలే కొనేవాడికి ముఖ్యం. బండిని సైన్యం ఏ సంవత్సరంలో తీసుకుందో చెబుతాయవి. 03 అని ఉంటే 2003 అన్నమాట. అమ్మేవాడు 'పదేళ్లది సార్' అన్నా బాణం అబద్ధం చెప్పదు. కాబట్టి ప్లేటు మీద కొత్త రంగు కొట్టకముందే బండి ఫొటో చూపించమనాలి.

ఇంకో సంగతి. సైన్యం బండిని పక్కన పెట్టిందంటే అది పూర్తిగా చెడిపోయిందని కాదు, బ్రహ్మాండంగా ఉందనీ కాదు. వయసు, తిరిగిన కిలోమీటర్లు, మరమ్మతుకయ్యే ఖర్చు చూసి కండెం చేస్తారు. కొన్ని బళ్లు ఆఫీసర్ల క్వార్టర్లకూ యూనిట్‌కూ మధ్య తిరిగి సుఖంగా రిటైరవుతాయి. కొన్ని లద్దాఖ్‌లో రాళ్ల మీద ఒళ్లు హూనం చేసుకుని వస్తాయి. పైనుంచి చూస్తే రెండూ ఒకే ఆకుపచ్చ రంగు, ఒకే టార్పాలిన్ టాపు!

పాట పాడేదెలా?

ఒకప్పుడు డిపో మైదానంలో బళ్లు వరసగా నిలబెట్టి, సుత్తితో బల్ల మీద కొట్టి వేలం వేసేవారు. ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ మీదే. ఉక్కు మంత్రిత్వశాఖ కింద ఉన్న ప్రభుత్వసంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా ఈ-వేలాలు జరుగుతాయి. 1964లో తుక్కు ఇనుము వ్యాపారం కోసం పెట్టిన సంస్థ ఇది. పాన్ కార్డూ, బ్యాంకు వివరాలూ ఇచ్చి, రుసుము కట్టి కొనుగోలుదారుగా పేరు నమోదు చేసుకోవాలి. వేలానికి ముందే ధరావతు కట్టాలి. ఏ డిపోలో ఏ లాటు ఉంది, ఏ రోజుల్లో వెళ్లి చూడొచ్చు, షరతులేమిటి... అన్నీ ప్రకటనలో ఉంటాయి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 'లాటు' అంటే ఒక బండి కావచ్చు, ఏడెనిమిది కలిపి కావచ్చు. నాకు మూడోది ఒక్కటే కావాలంటే కుదరదు. 'ఎక్కడున్నది అక్కడే, ఎలాగున్నది అలాగే' అన్న షరతు ఉంటుంది. అంటే గెలిచాక బ్యాటరీ లేదు, కార్బురేటర్ ఊడబీకారు, ఒక చక్రం లేదు అని గొడవపడితే వినేవాళ్లుండరు. అందుకే చూపించే రోజున స్వయంగా వెళ్లి, బానెట్ ఎత్తించి చూడటం తప్పనిసరి. సైనిక ప్రాంతం కాబట్టి గుర్తింపు కార్డు లేకుండా లోపలికి పంపరు. లోపల సెల్‌ఫోనుతో ఫొటోలు తీసుకుంటామంటే ఒప్పుకుంటారన్న నమ్మకం పెట్టుకోవద్దు. పెన్నూ కాగితం పట్టుకెళ్లడమే మేలు.

పాట ముగిసే సమయానికి ఎవరైనా కొత్త ధర చెబితే గడువు కొన్ని నిమిషాలు పొడిగిస్తారు. అక్కడే ఆవేశం పనిచేస్తుంది. నోటితో కాకుండా వేలితో పాడే పాట కదా... ఇంకో రెండు వేలు, ఇంకో రెండు వేలు అనుకుంటూ ఎక్కడికో వెళ్లిపోతారు. గెలిచినా వెంటనే బండి మనది కాదు. అధికారుల ఆమోదం రావాలి. అనుకున్న కనీస ధర రాలేదనుకుంటే వాళ్లు తిరస్కరించొచ్చు. ఒప్పుకుంటే గడువులోగా మిగతా డబ్బూ, జీఎస్టీ, ఇతర పన్నులూ కట్టాలి. గడువు దాటితే ధరావతు గోవిందా. చెప్పిన రోజుల్లో తీసుకెళ్లకపోతే నేల అద్దె కూడా పడుతుంది. ఇంతా చేసి బండిని నడుపుకుంటూ రావడానికి లేదు. రిజిస్ట్రేషనూ బీమా లేని బండి రోడ్డెక్కకూడదు. లారీ మాట్లాడుకుని ఎక్కించుకు రావాల్సిందే. జలంధర్ దగ్గరో దిల్లీ దగ్గరో పాడుకున్న జిప్సీని విజయవాడ చేర్చాలంటే కిరాయే తడిసి మోపెడవుతుంది.

అందుకే ఎక్కువమంది నేరుగా వేలానికి వెళ్లరు. లాట్లు పాడుకుని ఒక్కొక్క బండీ విడిగా అమ్మే వ్యాపారుల దగ్గర కొంటారు. హరియాణాలోని మండీ డబ్‌వాలీ ఇలాంటి జీపులకు పెట్టింది పేరు. పాత మిలటరీ జీపుల్ని విప్పి, కొత్త ఒళ్లు కట్టి, తళతళా మెరిసే రంగులేసి అమ్ముతారక్కడ. పెళ్లికొడుకు గుర్రంలా ముస్తాబైన ఆ జీపును చూస్తే ఎవరికైనా మనసవుతుంది. కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎంత?' అని కాదు, 'కాగితాలేవి?' అని.

కాగితమే ప్రాణం

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 'ఎక్స్ ఆర్మీ' బళ్ల ప్రస్తావన విడిగా ఉందని చాలామందికి తెలియదు. రిజిస్ట్రేషన్ కోసం పెట్టుకునే ఫారం 20లోనే బండి కొత్తదా, ఎక్స్ ఆర్మీదా, దిగుమతి చేసుకున్నదా అని అడుగుతారు. ఎక్స్ ఆర్మీ అయితే సంబంధిత సైనికాధికారులు ఫారం 21లో ఇచ్చిన అమ్మకపు ధ్రువపత్రం, అదీ ఒరిజినల్, జతచేయాలి. జిరాక్స్ చెల్లదు. దాంతోపాటు బీమా, చిరునామా రుజువు. ఆ తర్వాత బండిని బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి. ఆయన ఛాసిస్ నంబరూ, ఇంజిను నంబరూ కాగితంతో సరిచూస్తారు. అన్నీ కుదిరితేనే మన నంబరు, మన సి-బుక్కు.

చిక్కు ఎక్కడొస్తుందంటే ఇంజిను దగ్గర. సైనిక వర్క్‌షాపుల్లో ఓవర్‌హాల్ చేసేటప్పుడు ఒక బండిలోంచి తీసిన ఇంజిను ఇంకో బండిలో బిగించడం మామూలే. వాళ్ల అవసరానికి అది సబబే. కానీ కాగితం మీద ఒక నంబరు, బండిలో ఇంకో నంబరు ఉంటే ఆర్టీఏలో ఫైలు కదలదు. కాబట్టి డబ్బు చేతులు మారకముందే ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవాలి. అంకెల చుట్టూ గీకినట్టో, వెల్డింగ్ చేసినట్టో కనిపిస్తే ఇంకో మాట మాట్లాడకుండా వచ్చేయడం ఉత్తమం.

కొన్ని బళ్లు అప్పటికే పంజాబ్‌లోనో హరియాణాలోనో రిజిస్టరై ఉంటాయి. అది కొంత నయం. వాహన్ వివరాల్లో నంబరు కొట్టి చూస్తే ఏ సంవత్సరం బండి, ఏ ఇంధనం, ఎప్పటివరకు గడువు అన్నవి తెలుస్తాయి. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ జీవితకాల పన్ను కట్టి పేరు మార్పించుకోవాలి. అయితే ఎప్పుడో తుక్కయిపోయిన జీపు సి-బుక్కును తెచ్చి ఈ జీపుకు అతికించే ఘనులూ ఉంటారు. పుస్తకంలో 1980ల నాటి జీపు, ఎదురుగా 2000ల నాటి జిప్సీ లాంటి విడ్డూరాలు కాస్త కళ్లు తెరిచి చూస్తే పట్టేయొచ్చు.

'కాగితాల్లేకపోతే ఏం సార్, పొలం దగ్గర తిప్పుకోండి' అని సలహా ఇచ్చే వ్యాపారులకు కొదవలేదు. పొలానికి వెళ్లాలన్నా రోడ్డు దాటాలి కదా! రిజిస్ట్రేషన్ లేకుండా పట్టుబడితే మొదటిసారే అయిదువేల దాకా జరిమానా, బండి స్టేషన్‌కి. జరిమానాతో పోతే అదృష్టమే. ఆ బండి ఎవరినైనా గుద్దితే? రిజిస్ట్రేషన్ లేకుండా తిప్పే బండికి బీమా అక్కరకు రాకపోవచ్చు. గాయపడినవాళ్లకు ఇవ్వాల్సిన నష్టపరిహారం మొత్తం యజమాని ఇల్లూ పొలం అమ్మి కట్టుకోవాల్సి రావచ్చు. సరదాకి కొన్న జీపు ఒక కుటుంబాన్ని వీధిన పడేయడానికి ఒక్క ప్రమాదం చాలు.

తలుపు మూసుకుంటోందా?

ఈ మోజుకు అసలు గండం 2023లో వచ్చింది. ప్రభుత్వ వాహనాలకు పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ ఇక కొనసాగదని, వాటిని నమోదైన తుక్కు కేంద్రాల్లోనే ముక్కలు చేయాలని కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దేశరక్షణకూ శాంతిభద్రతలకూ వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. కానీ పాత సర్కారు బళ్లు మళ్లీ రోడ్డెక్కకూడదన్నదే దాని ఉద్దేశం. ఎంఎస్‌టీసీ వేలాల్లోనూ తుక్కు కేంద్రాల వాళ్లు మాత్రమే పాడాలన్న షరతుతో వచ్చే లాట్లు ఉంటున్నాయి.

కొనేవాడికి దీని అర్థమేమిటి? ఒకే డిపోలో పక్కపక్కనే నిలబడ్డ రెండు జిప్సీల్లో ఒకటి వాహనంగా అమ్ముడవొచ్చు, రెండోది తుక్కుగా పోవచ్చు. తుక్కుగా అమ్మినదానికి ఫారం 21 రాదు. అది ఎంత బాగా నడిచినా ఇనుమే, బండి కాదు. తుక్కు కింద వెళ్లిన జిప్సీని దొడ్డిదారిన బయటికి తెచ్చి, టైర్లు మార్చి, రంగేసి 'కాగితాలు వారంలో వస్తాయి సార్' అంటే... ఆ వారం ఎప్పటికీ రాదు. మార్కెట్ ధరలో సగానికే ఇస్తున్నారంటే సంతోషించడం కాదు, అనుమానించాలి.

కాగితాలున్న పాత బండికైనా పదిహేనేళ్లు దాటాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లూ జీపులకు ఈ రుసుము 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025లో ఇరవయ్యేళ్లు దాటినవాటికి పదివేలు చేశారు. పైగా హరిత పన్ను. బండి కొనే బడ్జెట్‌లో ఇవి కూడా రాసుకోవాలి.

పడుకుని చూడాలి

సరే, కాగితాలన్నీ ఉన్నాయి. ఇక బండి సంగతి. షోరూమ్‌లో కారు చూసినట్టు నిలబడి చూస్తే లాభం లేదు. చాప వేసుకుని కింద పడుకోవాలి! జిప్సీకైనా జీపుకైనా వెన్నెముక ఛాసిస్. వెనక కమాన్ కట్టలు తగిలించే చోట్ల, అడ్డకమ్మీలు కలిసే చోట్ల తుప్పు తింటుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టి ఇనుము 'టంగ్' మంటుంది. తుప్పు పట్టింది 'బద్' మంటుంది. కాళ్లకింద మ్యాటు ఎత్తి చూస్తే రోడ్డు కనిపించే జిప్సీలు కూడా ఉంటాయి. ఒంటి రేకు మార్చుకోవచ్చు, ఛాసిస్ పోతే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే.

డిపోలో రెండు మూడేళ్లు ఎండకూ వానకూ నిలబడ్డ బండిలో రబ్బరు వస్తువేదీ నమ్మడానికి వీల్లేదు. టైరు మీద గాట్లు కొత్తగా ఉన్నట్టే కనిపిస్తాయి, పక్కల చూస్తే పగుళ్లు. బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. పెట్రోలు ట్యాంకులో తుప్పు పొడిలా రాలి కార్బురేటర్‌లోకి వెళ్తుంది. ముందు చక్రాలు తిరిగే పిడికిలి దగ్గర ఆయిల్ కారుతుంటే సీళ్లు పోయినట్టు. ఇది జిప్సీలకు ఇంటిజబ్బు. అంచేత బండి స్టార్టయినంత మాత్రాన పరవశించిపోకూడదు. అయిదు టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, క్లచ్, రబ్బరు గొట్టాలు, సీళ్లు, టాపు... ఇవన్నీ మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకున్నాకే బేరం మొదలెట్టాలి. బండి ధర ఎంతో, దాన్ని మనిషిని చేయడానికి దాదాపు అంతా అనుకుంటే నిరాశ ఉండదు.

విడిభాగాల విషయంలో జిప్సీ కొన్నవాళ్లు అదృష్టవంతులు. దశాబ్దాల పాటు తయారైన బండి కాబట్టి సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కమాన్లు కట్టే, రేకు పని చేసే చేతులకు కొదవలేదు. జోంగా అయితే ఒక్కో సామాను కోసం దిల్లీ మాయాపురి దాకా వెతుక్కోవాలి. ఇక సికింద్రాబాద్‌లో సైన్యానికి మెకానిక్కులను తయారుచేసే ఈఎంఈ కళాశాల ఉంది. అలాంటి చోట పనిచేసి రిటైరైన మెకానిక్కు ఎవరైనా పరిచయమైతే బండి కంటే ముందు ఆయన్ని సంపాదించుకోవాలి. కొనబోయే బండిని ఆయనతో చూపిస్తే సగం గండాలు గడిచినట్టే.

నడిపితే తెలుస్తుంది

కొత్త కారు నుంచి దిగి జిప్సీ ఎక్కినవాళ్లకు మొదట అనిపించేది 'స్టీరింగ్ ఎవరైనా పట్టుకున్నారా?' అని. పవర్ స్టీరింగ్ ఉండదు. నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే. చిన్న గుంతలో పడినా నడుముకు తెలుస్తుంది. ఏసీ ఉండదు. కాన్వాసు టాపు కింద మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వానొస్తే పక్క జిప్పుల్లోంచి జల్లు. వెనక సీట్లు ఎదురెదురుగా బల్లల్లా ఉంటాయి. ఎయిర్‌బ్యాగులు లేవు. కాబట్టి ఇంటిల్లిపాదికీ ఉన్న ఒకే ఒక్క కారుగా దీన్ని కొనడం మాత్రం తెలివైన పని కాదు. ఇంట్లో మామూలు కారు ఒకటి ఉండి, ఆదివారాలకూ అడవిదారులకూ ఇది రెండోదైతే ముచ్చటే.

గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డుంటుంది. అదే ఈ బండికి అందం. మామూలుగా వెనక రెండు చక్రాలకే ఇంజిను బలం అందుతుంది. బురదొచ్చినప్పుడు ఆ రాడ్డు కదిపితే నాలుగు చక్రాలకూ అందుతుంది. జిప్సీల్లో చాలావాటికి ముందు చక్రాల మధ్యలో తిప్పే బిళ్లలుంటాయి. దిగి వాటిని 'లాక్' వైపు తిప్పకపోతే రాడ్డు ఎన్నిసార్లు కదిపినా ముందు చక్రాలు పనిచేయవు. బురదలో కూరుకుపోయాక ఈ సంగతి గుర్తొస్తే మోకాళ్లలోతు దిగి తిప్పాలి! ఏటవాలు రాళ్లగుట్ట ఎక్కాలంటే 'లో' గేరు. బండి నడకంత వేగంతో కదులుతుంది, కానీ ఆగదు. దాన్ని వేయడానికి మాత్రం బండిని పూర్తిగా నిలపాలి.

చాలామంది చేసే తప్పొకటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదాని తారురోడ్డు మీద కూడా అదే వేసుకుని తిరుగుతారు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే దూరం తిరగవు. ఈ బళ్లలో ఆ తేడాను సర్దే ఏర్పాటు మధ్యలో లేదు. బురదలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. ఆ బిగుతంతా గేర్ల మీదా షాఫ్టుల మీదా పడుతుంది. టైర్లు అరుగుతాయి, ఒక్కోసారి రాడ్డు వెనక్కి రాకుండా పట్టేస్తుంది. అలాగని ఏళ్ల తరబడి వాడకుండా ఉంచినా ఆయిల్ అందక ఎండిపోతుంది. నెలకోసారైనా మట్టిదారిలో నాలుగైదు కిలోమీటర్లు తిప్పడం మంచిది.

ఇక తిండి. జిప్సీ లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తే ఇంజిను బాగున్నట్టే. జోంగా నాలుగైదు ఇస్తే గొప్ప. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లి రావాలంటే అటూఇటుగా 430 కిలోమీటర్లు. జిప్సీకి నలభై మూడు లీటర్లు, జోంగాకు వంద లీటర్ల పైమాటే. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలుతో లెక్కేసుకుంటే మల్లన్న దర్శనానికి పదివేలు ఇంధనానికే! అందుకే ఒకప్పుడు జీపుల్లో పెట్రోలు ఇంజిను పీకేసి డీజిలు ఇంజిను బిగించడం పెద్ద పరిశ్రమలా నడిచింది. ఇప్పుడది అంత తేలిక కాదు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చిన వాహనాల్ని రిజిస్టర్ చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనుమతి లేకుండా చేసే ఒక్కో మార్పుకూ అయిదువేల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు అని అదే ఏడాది సవరించిన చట్టం చెబుతోంది. భారీ టైర్లూ, ఇనుప బంపర్లూ బిగించి ఎగరేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అన్నట్టు రంగు సంగతి! మిలటరీ బండి కొనేవాళ్లలో సగంమంది ఆ ఆకుపచ్చ రంగు కోసమే కొంటారు. కానీ రక్షణశాఖ వాహనాలు తప్ప మరే మోటారు వాహనమూ ఆలివ్ గ్రీన్ రంగులో ఉండకూడదని నిబంధన 121 చెబుతోంది. బాణం గుర్తు చెరిపేయాలి, ఆ రంగూ పోవాలి. తెలుపు, ఇసుక రంగు, ఎరుపు... ఇంకేదైనా వేసుకోవచ్చు. ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న బండికి ముందుగా చేయాల్సిన పని దాని యూనిఫాం విప్పడమే మరి.

యుద్ధకాలం నాటి విల్లీస్ జీపులున్నవాళ్లకు మాత్రం 2021లో ఒక వెసులుబాటు వచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాల్ని వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. రుసుము ఇరవైవేలు, గడువు పదేళ్లు, నంబరులో 'వీఏ' అక్షరాలు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీగా తిప్పకూడదు. తొలి జిప్సీలకు ఆ అర్హత రావాలంటే 2035 దాకా ఆగాలి.